కన్నచేతి నీళ్ళు

మా చిన్నమామ పేరు మాలకొండయ్య. మా మామగారికి తమ్ముడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆయన మార్కాపురం పలకల గనుల్లో పదిహేనేళ్ళు పని చేసి ఉన్నాడు. నేలలోంచి తీసిన బండను ఉలితో పొరలు పొరలుగా విడదీయడం ఆయన పని. విడదీసే ముందు వేలి కణుపుతో బండను కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. ఖంగుమంటే పలకకు పనికొస్తుంది. బొంగురుగా మోగితే లోపల ఎక్కడో నెర్రె ఉన్నట్టు. ఆ అలవాటు ఆయనకు ఇంట్లోనూ పోలేదు. కొత్త కుండ తెచ్చినా కొట్టేవాడు, పుచ్చకాయ కొన్నా కొట్టేవాడు. నన్ను చూడడానికి వచ్చిన రోజు మా పుట్టింటి ద్వారబంధాన్ని కొట్టి విని, "చెక్క మంచిది. పిల్ల కూడా మంచిదే అయ్యుంటదిలే, ఖాయం చేసుకోండి" అన్నాడు. మా నాయన ఆ మాట చెప్పుకుని చాలా కాలం నవ్వాడు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు వచ్చే రోజుల్లోనే దగ్గు మొదలైంది. పలకల దుమ్ము మెత్తటిది, ముగ్గుపిండి లాంటిది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా లోపలికి పోతుంది. "నాకు నేనే పనికిరాకుండా పోతున్నా, ఇంకో మనిషిని ఎందుకు తెచ్చేది" అన్నాడట.

ఆయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు. కానీ దేవుణ్ణి తిట్టడం నేనెప్పుడూ వినలేదు. దేవుడు లేడన్న నమ్మకం ఆయనకు ఎక్కడ దొరికిందో చెప్తాను. గని పక్కన షెడ్డులో పలకలను పెట్టెల్లో సర్దేటప్పుడు, ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యన పాత కాగితాలు వేసేవారు. అవి మూటలు మూటలుగా వచ్చేవి. మధ్యాహ్నం సద్ది తిన్నాక అందరూ నడుం వాలిస్తే మామ ఆ కాగితాలు చదివేవాడు. ఒక రోజు అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. నలభై ఒకటో పేజీ నుంచి తొంభై ఆరో పేజీ దాకా ఉంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఆ కాగితాలను ఇంటికి తెచ్చుకుని దారంతో కుట్టుకున్నాడు. వాటిలో ఉన్నది లోకాయతుల సంగతి. చార్వాకులని కూడా అంటారట. ఎన్నో వందల ఏళ్ళ కింద ఈ దేశంలోనే ఉండేవారట. నేల, నీరు, నిప్పు, గాలి, ఈ నాలుగే ఉన్నాయి. ఇవి ఒక తీరున కలిస్తే ప్రాణం, విడిపోతే చావు. విడిపోయాక మిగిలేదేమీ లేదు. కంటికి కనపడే లోకమే లోకం, ఇక్కడి సుఖమే సుఖం అని వాళ్ళు చెప్పేవారట.

"వాళ్ళు రాసుకున్న పుస్తకాలు ఒక్కటీ మిగల్లేదంట. వాళ్ళను తిట్టినోళ్ళు, తిట్టే ముందు వాళ్ళేమన్నారో రాసిపెట్టినారంట. ఆ తిట్లలో నుంచి ఏరుకోవాల్సిందే" అని చెప్పేవాడు మామ.

"అయితే నీ పుస్తకం కూడా తిట్టేదేనేమో చిన్నాయనా. చివర ఏం రాసినారు?" అని మా ఆయన కరుణాకరం ఒకసారి అడిగాడు. ఆయనకు ఆటో ఉంది, పెద్దారవీడు, మార్కాపురం మధ్య తిప్పుతాడు.

"తొంభై ఏడో పేజీలో ఇదంతా తప్పని రాసినారేమోరా. నాకా పేజీ దొరకలేదు. అదృష్టం!" అని నవ్వాడు మామ.

మా అత్త సుబ్బులమ్మకు, ఆయనకు రోజూ ఇదే తగాదా. ఆమె ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆయన చెడ్డీ వేసుకునే పిల్లవాడు. ఎత్తుకుని పెంచింది. అందుకని ఎంత మాటైనా అనేది. ఒక రోజు అత్త ఆకు వక్క వేసుకుని కూచుంటే ఈయన ఎదురుగా చేరాడు.

"వదినా, ఆకులో ఎరుపు ఉందా?"

"లేదు."

"వక్కలో ఉందా? సున్నంలో ఉందా?"

"లేదు, ఏందిరా నీ గోల?"

"మరి నీ నోట్లోకి యాడి నుంచి వచ్చింది? మూడూ కలిస్తే పుట్టింది. ప్రాణమూ అంతేనంట, పాతకాలపోళ్ళు చెప్పినారు. నోరు పుక్కిలిస్తే ఎరుపు స్వర్గానికి పోతదా?"

"స్వర్గానికి పోదు, నీ మొగాన పడతది, ఉండు" అని అత్త నిజంగానే ఉమ్మబోయింది.

మా మామగారి తద్దినం రోజు ఇంకో తగాదా. విస్తరి వేసి, వడలు పెట్టి, అత్త కళ్ళు తుడుచుకుంటోంది. మామ తన వంతు తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "వదినా, గట్టు మీద నువ్వు సద్ది తింటే గుంతలో పని చేసే నా కడుపు నిండుతదా? నలభై అడుగులే లోతు. ఏనాడూ నిండలేదు. అన్న ఇంకెంత దూరం పోయినాడో, ఈ వడలు ఎట్ల చేరతాయి?" అన్నాడు.

"చేరకపోతే నువ్వెందుకు ఐదు తిన్నావురా?"

"నేను ఈడనే ఉన్నా కాబట్టి తిన్నా. నేను చెప్పేది కూడా అదే కదా."

అత్త ఏడుస్తూనే నవ్వింది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు ఉండేది.

సుఖం గురించి ఆయనకు పెద్ద కోరికలు లేవు. గని నుంచి వచ్చి, తల మీంచి నీళ్ళు పోసుకుని, తడి ఒంటితోనే కుండలో నీళ్ళు ముంచుకుని తాగేవాడు. గడగడా కాదు, ఒక్కో గుక్క ఆగి ఆగి. "ఇదే. ఇంతకు మించింది ఎవరన్నా చూసి వస్తే చెప్పమను" అనేవాడు. దసరా దాటాక నల్లమల సీతాఫలాలు వస్తే ఒక పండు విప్పి నా కూతురి చేతిలో పెట్టి, "చూడు, సగం గింజలే. గింజలున్నాయని పండు పారేస్తామా? ఊస్తా తినాల. బతుకు కూడా అంతేనంట" అనేవాడు. అది గింజలు లెక్కపెట్టి, "నీ బతుకులో నలభై ఉన్నాయి తాతా, నా దాంట్లో ముప్పై రెండే" అనేది.

నా కూతురు అరుణకుమారి. మాకు ఒక్కతే బిడ్డ.

అది ఇంటర్లో చేరే ఏడాదికి మామ పూర్తిగా మంచాన పడ్డాడు. పడుకోలేడు. పడుకుంటే ఊపిరి ఆడదు. వసారాలో నులకమంచం మీద వెనక దిండ్లు పెట్టుకుని కూచునే ఉండేవాడు, కూచునే నిద్రపోయేవాడు. డాక్టరు తీయించిన ఎక్స్‌రే కాగితాన్ని వెలుగుకు పట్టుకుని చూసి, "నా ఫొటో తీయమంటే గని ఫొటో తీసినారే" అన్నాడు. తన రొమ్మును వేలి కణుపుతో కొట్టి విని, "ఇది పలక కాదులే, పారేసే రాయి" అన్నాడు. ఆయాసం ఎక్కువైన రోజు రెండు మాటలు కూడా వచ్చేవి కావు. అప్పుడు అరుణ ఒక పలక, బలపం తెచ్చి ఆయన మంచం మీద పెట్టింది. ఆయన చేతులతో చేసిన పలకే అది, దాని చిన్నప్పటిది. ఇక వాళ్ళిద్దరి మాటలన్నీ పలక మీదే. కాలేజీకి పోతూ అది ఏదో రాసేది, వచ్చేలోగా ఆయన దాని కింద రాసేవాడు. తుడిచేది, మళ్ళీ రాసేది. పోట్లాటలు కూడా దాని మీదే.

మూడేళ్ళ కింద, ఆశ్వయుజంలో, ఒక పొద్దున దానికి కడుపు నొప్పి వచ్చింది. అరగలేదేమో అనుకున్నాను. వాము నమిలించాను. మధ్యాహ్నానికి మెలికలు తిరిగిపోతుంటే మా ఆయన ఆటో తెచ్చాడు. ఎక్కబోతూ అది వెనక్కి వచ్చింది. మామ ఆదుర్దాలో ఊపిరి అందక చేతులు ఆడిస్తున్నాడు. అది పలక తీసుకుని గబగబా రాసి ఆయన ఒళ్ళో పెట్టింది. "తాతా, మాత్ర మరిచిపోవద్దు. రేపొస్తా."

ఆసుపత్రిలో అపెండిక్స్ పగిలిపోయిందన్నారు. వెంటనే ఆపరేషన్ అన్నారు. మేమే ఆలస్యం చేశాం. మంచం మీద అది నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీళ్ళు" అంది. నర్సమ్మ చుక్క కూడా ఇవ్వొద్దని చెప్పింది. "ఒక్క గుక్కమ్మా" అంది. తడిగుడ్డ పెదవులకు అద్దాను. ఆ గుడ్డనే నోటితో పట్టుకుని పీల్చబోతే నేను లాగేసుకున్నాను. నేనే లాగేసుకున్నాను. లోపలికి తీసుకుపోయారు. బయటికి తెచ్చాక అది మాట్లాడలేదు. రెండో రోజు పోయింది.

పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్లను మా ఇళ్ళల్లో పేరంటాలుగా నిలుపుకుంటారు. ఇంట్లో ఒక మూల అలికి, పసుపు రాసి, కొత్త బుట్టలో చీర మడిచి పెట్టి దీపం పెడతారు. ఏటేటా పోయిన తిథి నాడు బుట్ట దించి, అన్నీ కడిగి, పూజ చేస్తారు. మా అత్త అట్లాగే చేసింది. ఆ పలకను కూడా రాతతో సహా ఆ మూలలోనే ఆనించింది. మామ తన పలక తిరిగి ఇమ్మని అడగలేదు. కొత్త పలక ఇస్తామంటే వద్దన్నాడు. మాట వచ్చిన రోజు మాట్లాడేవాడు, రాని రోజు ఊరుకునేవాడు.

నెల తిరగకముందే అత్త నన్ను సోది చెప్పే ఆమె దగ్గరికి తీసుకుపోయింది. ఆమె చేటలో బియ్యం కదిపి, కళ్ళు మూసుకుని, "దాహం... దాహం... అమ్మ ఇయ్యలేదు" అంది. నేను అక్కడే పడిపోయాను. పొద్దుగూకి దీపం పెట్టే వేళకు కన్నతల్లి తన చేత్తో చెంబెడు నీళ్ళు పెట్టాలని, ఇంకెవరు పెట్టినా బిడ్డ ముట్టదని, ఒక్క పూట తప్పినా నోరెండిపోయి గుమ్మంలో నిలబడుతుందని చెప్పింది.

ఆ రోజు నుంచి నేను సాయంత్రం ఇల్లు దాటలేదు. మూడేళ్ళు. కనిగిరిలో మా తమ్ముడి కూతురి పెళ్ళికి పోలేదు. మా అమ్మకు ఒంట్లో బాగాలేదంటే పొద్దున పోయి మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చాను. అమ్మ నా కొంగు పట్టుకుని "ఈ ఒక్క రేయి ఉండవే" అంటే విడిపించుకుని వచ్చాను. నాలుగు గంటలు అయితే చాలు, ఇక అదే పని. చెంబు తోమడం, కుండలో నీళ్ళు ఉన్నాయా చూడడం, ఆరు కోసం కూచోవడం. పెట్టాక కూడా నిద్రపట్టేది కాదు, నీళ్ళు చాలాయో లేదోనని. తెల్లారి చెంబులో నీళ్ళు అంతే ఉండేవి. పారబోసి మళ్ళీ తోమేదాన్ని. నాకు ఇంకేమీ అక్కర లేదు, నా బిడ్డకు ఇప్పటికీ దాహంగా ఉందా, లేదా, అది ఒక్కటి తెలిస్తే చాలనుకునేదాన్ని.

మామ వసారాలో నుంచి ఇదంతా చూసేవాడు. ఆయనా గడప దాటలేడు, నేనూ దాటలేను. ఒకసారి నేను చెంబుతో పోతుంటే పిలిచాడు.

"అమ్మాయ్, రాధా. సోదిలో పోయినోళ్ళందరూ దాహమే అడుగుతారు. ఒక్కడన్నా నాకు కడుపు నిండింది, హాయిగా ఉన్నానని చెప్పినాడా?"

"ఆమెకు నీళ్ళ సంగతి ఎట్లా తెలిసింది మామా? నేను అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదు. మా వదిన చెప్పకుండా ఉంటదా?"

లోపల నుంచి అత్త, "నేను యల్లమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదురోయ్!" అని అరిచింది. యల్లమ్మ మా పక్కింటామె. ఊరంతటికీ చెప్పడానికి ఆమె ఒక్కతి చాలు.

మామ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "దాహం గొంతుకు తల్లీ. గొంతు ఉంటే దాహం. ఆ గొంతు మనమే కాల్చి వచ్చినాము. దానికి దాహం లేదు."

అది ఓదార్పు మాటే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. దాహం లేదంటే బిడ్డే లేదనడం. నేను పోయి నీళ్ళు పెట్టాను. ఆ రోజు చెంబు అంచు దాకా నింపాను.

మూడో ఏటి పూజ వచ్చింది. ఏటా ఇవన్నీ చేసే అత్తకు నడుం నొప్పి. అన్నీ నేనే దించాను. బుట్ట తుడిచాను. దీపం కుంది తోమాను. చెంబు, గంట, పళ్ళెం, ఒక్కొక్కటీ పసుపు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, గంధం పెట్టి, బొట్టు పెట్టి వరుసగా పేర్చుతున్నాను. దసరాకు రోలు, చేట, కత్తిపీట కడిగి బొట్టు పెట్టినట్టే. చేతులు వాటంతట అవే పోతున్నాయి. పలకకు నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, వెనక్కి జరిగి చూశాను. నల్లగా, తడిగా, నిగనిగలాడుతోంది. ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను.

అప్పుడు తెలిసింది.

నా కేకలు విని అత్త వచ్చింది. పలక చూసింది. నా తల నిమురుతూ, "ఆయమ్మే తుడిపించుకుందిలే. ఇట్ల జరగాలని రాసిపెట్టుంది" అంది. నేను పలకను గుండెలకు పట్టుకుని వసారాలోకి పరుగెత్తాను. కుంకుమ రవికెకు అంటుకుంది.

"మామా, రాత ఎక్కడికి పోయింది? మీకన్నీ తెలుసు కదా. చెప్పండి. ఎక్కడికి పోయింది?"

ఆయన పలక అందుకుని చూశాడు. కుంకుమ చెదిరిన చోట బొటనవేలు పెట్టాడు. ఎక్కడో ఒక చోట ఉందని చెప్తాడేమోనని ఆయన నోటి వంకే చూస్తున్నాను. ఒక్క అబద్ధం చెప్పినా నమ్మేదాన్ని.

"కడిగిన నీళ్ళు ఏం చేసినావు?"

"కరివేపాకు చెట్టుకు పోశాను."

"బలపం పొడి ఆడ ఉంది. మట్టిలో. యాడికీ పోలేదు." ఊపిరి తీసుకున్నాడు. "రాత మాత్రం... యాడా లేదు తల్లీ."

ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ నమ్మకం ఆయనకు కూడా ఏమంత హాయిగా లేదని అప్పుడే నాకు తెలిసింది.

నేను బలపం తెచ్చి ఆయన చేతికి ఇచ్చాను. దాని రాత ఆయన రెండేళ్ళు రోజూ చూశాడు. 'త' కు తోక ఎంత పొడుగ్గా తీసేదో, 'ప' ఎట్లా వంకరగా రాసేదో ఆయనకే తెలుసు. "అచ్చం దాని మాదిరి రాయండి మామా. నేను అదే అనుకుంటాను." ఆయన కాదనలేదు. 'తాతా' అని రాశాడు. తోక పొడుగ్గా తీశాడు. ఆగి చూసుకున్నాడు. ఇంకో అక్షరం రాయబోయి, బలపం ఆనించి, తీసేశాడు. అరచేత్తో తుడిచేసి పలక నాకు ఇచ్చాడు.

"ఇది నా రాత. దాంది కాదు. నిన్ను మోసం చెయ్యలేను."

ఆ తర్వాత ఇరవై రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, మాత్రలు చేతిలో పెట్టేదాన్ని, అంతే. అత్త ఆ బోడి పలకను మళ్ళీ బొట్టు పెట్టి మూలలోనే పెట్టింది. నేను దాని వంక చూడకుండా నీళ్ళు పెట్టి వచ్చేదాన్ని.

ఒక రోజు ఐదు గంటల వేళ మామకు ఆయాసం ఎన్నడూ లేనంతగా వచ్చింది. పెదవులు నల్లబడ్డాయి. మా ఆయన స్టాండు నుంచి ఆటో తెచ్చి గుమ్మంలో ఆపాడు. మార్కాపురం ఆసుపత్రికి పోవాలి. మనిషిని పడుకోబెట్టడానికి లేదు. వెనక సీట్లో ఒకరు కూచుని, ఆయన వీపును తమ రొమ్ముకు ఆనించుకుని, నిటారుగా పట్టుకోవాలి. అత్త వల్ల కాదు.

"రాధా, ఎక్కు" అన్నాడు మా ఆయన.

నేను కదలలేదు. పోతే ఆరు లోపల తిరిగి రాలేను.

"ఏందే అట్ల నిలబడినావు? ఎక్కు."

అత్త, "దీపం నేను పెడతాలేవే" అంది. చెంబు మాట వచ్చేసరికి ఆమె కూడా ఆగిపోయింది. కన్నచేయి కావాలి కదా.

"ఇప్పుడే నీళ్ళు పెట్టేసి వస్తాను" అని లోపలికి పరుగెత్తాను. దీపం వేళ కాకుండా పెడితే చెల్లుతుందో లేదో నాకు తెలియదు. కుండలో చెంబు ముంచాను. మూల దగ్గర వంగాను. వసారాలో మంచం పట్టెను దబదబా కొడుతున్న చప్పుడు వినిపించింది. చెంబు చేత్తోనే పట్టుకుని గడపలోకి వచ్చాను. మామ నా వంక చూస్తూ గాలిలో వేలితో రాసి చూపిస్తున్నాడు. మాట రావడం లేదు, పలక కావాలి. ఇంట్లో ఉన్న పలక ఒక్కటే.

మూలలోంచి పలక తీశాను. బలపం పక్కనే ఉంది. ఆయన ఒళ్ళో పెట్టాను. అక్షరాలు పెద్దవిగా, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి వచ్చాయి.

"ఆ నీళ్ళు నాకియ్యి."

అత్త నా భుజం మీంచి చదివింది. ఆమెకు చదువు వచ్చేది అంతంత మాత్రమే, అయినా చదివింది. "ఒరే కొండయ్యా, అవి బిడ్డవిరా. నీకు వేరే తెస్తా" అంది. ఆమె వంటింటి వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నా చేతిలో చెంబు వంకే చూస్తున్నాడు. పెదవులు ఎండిపోయి తోలు లేచి ఉన్నాయి. నాలుక బయటికి వచ్చి పెదవిని తడుపుకోబోయి తడపలేక లోపలికి పోయింది. ఆ పెదవులు నేను ఒకసారి చూశాను. ఆ రోజు గుడ్డ లాగేసుకున్నాను.

చెంబు ఆయన నోటికి ఆనించాను. ఒక గుక్క తాగి ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇంకో గుక్క. గొంతు ముడి పైకి కిందికి కదలడం చూశాను. మూడేళ్ళుగా పెట్టిన నీళ్ళు ఒక్క చుక్క తగ్గడం చూడని నేను, చెంబు తేలికవడం చేతికి తెలుస్తుంటే అట్లాగే నిలబడ్డాను. మూడో గుక్కకు సగం ఆయన గడ్డం మీంచి కారింది. కొంగుతో తుడిచాను.

"చల్లగున్నాయి" అన్నాడు. గాలిలాగా వచ్చింది మాట.

ఆటో ఎక్కాను. అంతవరకూ ఆయనను నేను ఇట్లా పట్టుకున్నది లేదు. ఆయన వీపు నా గుండెల మీద ఆనితే ఎముకలు ఒక్కొక్కటీ తగిలాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపల గరగరమని మోగేది. మార్కాపురంలోకి వచ్చేసరికి దుకాణాల దీపాలు వెలిగి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆరు దాటిపోయిందని. గుమ్మంలో నిలబడిన నా బిడ్డ కనపడింది. దిగి వెనక్కి పోవడానికి లేదు. ఆయనను పట్టుకున్న చేతులు తీయడానికి లేదు. అట్లాగే పట్టుకుని కూచున్నాను.

ఆసుపత్రిలో ఆయన తొమ్మిది రోజులు బతికాడు. ముక్కుకు గొట్టం పెట్టాక కాస్త మాట వచ్చేది. ఒక పగలు ఆయనకు బత్తాయి తొనలు వలిచి పెడుతూ అడిగాను.

"మామా, దానికి దాహం లేదన్నారు కదా. నిజంగానా? నా కోసం చెప్పినారా?"

ఆయన తొన నమిలి, రసం మింగి, పిప్పి నా చేతిలోకి ఉమ్మి, అప్పుడు చెప్పాడు.

"నేను చూసినంత వరకు లేదు. ఎంత వెతికినా లేదు." కొంచెం నవ్వు కూడా వచ్చింది ఆయనకు. "తొంభై ఏడో పేజీ మాత్రం నా దగ్గర లేదు తల్లీ. ఉన్నట్టు చెప్పలేను."

ఇంకో తొన నోరు తెరిచి అడిగాడు.

ఆయన పోయాక మా ఆయన, అత్త మాట కాదనలేక, చేయవలసినవి చేశాడు. "వాడికి లేకపోయినా మనకుంది కదరా నమ్మకం" అంది అత్త. పదకొండో రోజు అందరూ పోయాక ఆమె ఆ పలక తెచ్చింది. "ఆ నీళ్ళు నాకియ్యి" అన్న రాత దాని మీద అట్లాగే ఉంది. "ఇది కూడా మూలలో పెట్టే. ఇద్దరూ ఒక్క చోట ఉంటారు. నీళ్ళు అడిగినాడు కదా, వాడికీ ఒక చెంబు పెడదాం" అంది. ఆమె ప్రేమగానే అంది. నాకు మాత్రం రెండో చెంబు కూడా నా చేతికి వచ్చినట్టు కనపడింది. మళ్ళీ మూడేళ్ళు, ముప్పై ఏళ్ళు.

పలక తీసుకుని పెరట్లోకి పోయాను. కరివేపాకు చెట్టు దగ్గర కూచుని నీళ్ళు పోసి, ఈసారి తెలిసే, ఒక్కో అక్షరాన్నీ అరచేత్తో తుడిచాను. తెల్లటి నీళ్ళు మొదట్లోకి ఇంకిపోయాయి. అత్త పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. అక్కడే గడప మీద కూచుని ఏడ్చింది.

నేను మారిపోయానని చెప్పలేను. చెంబు ఇంకా పెడుతూనే ఉన్నాను. పోయిన నెల కనిగిరి బస్సెక్కాను, అమ్మ దగ్గర ఒక రేయి ఉండి వద్దామని. బస్సు కదిలాక మనసు నిలవలేదు, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి వచ్చేశాను. ఆరుకు దీపం పెట్టాను, నీళ్ళు పెట్టాను.

తెల్లారి ఆ నీళ్ళు మునుపు పారబోసేదాన్ని. ఇప్పుడు పారబోయడం లేదు. అత్త లేవకముందే చెంబు ఎత్తుకుని, గుక్క గుక్కకూ ఆగి, నేనే తాగుతున్నాను. చల్లగా ఉంటాయి.